బావిలో కోడలు, పొలిమేరలో ముసలమ్మ

తెనాలి దగ్గర మా ఊళ్ళో చెరువుగట్టు కింద ఒక పాతబావి ఉండేది. దాన్ని అందరూ 'కోడలి బావి' అనేవాళ్ళు. పొద్దుగూకాక అటువైపు ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. వెళ్ళాల్సొస్తే, వెనక నుంచి ఎవరు పేరుపెట్టి పిలిచినా మూడోసారి దాకా పలకకూడదు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుందట. అమావాస్య రాత్రి బావిలోంచి గాజుల చప్పుడు వినిపిస్తుందట. మా నాయనమ్మ ఈ కథ చాలాసార్లు చెప్పింది. భయపెట్టడానికి గొంతు తగ్గించడం, కళ్ళు పెద్దవి చేయడం లాంటివేవీ ఆమె చేసేది కాదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, మామూలు గొంతుతో చెప్పేది. చివర్లో మాత్రం ఎప్పుడూ ఒకే మాట అనేది: "దూకిందన్నారమ్మాయ్. గాజులన్నీ గట్టు మీదే పగిలి పడున్నాయి. దూకేవాళ్ళు గాజులు పగలగొట్టుకుని దూకుతారా?"

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ ప్రశ్న అర్థమవడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. మా నాయనమ్మ చెబుతున్నది దెయ్యం కథ కాదు, సాక్ష్యం. పోలీసులు రాలేదు, పంచాయితీ జరగలేదు, కాగితం మీద ఒక్క అక్షరం పడలేదు. ఆ ఇంటివాళ్ళకి పొలం ఉంది, పరపతి ఉంది. వాళ్ళ పేరెత్తి మాట్లాడే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. కానీ 'కోడలి బావి' అన్నప్పుడల్లా ఎవరి కోడలో విన్నవాళ్ళందరికీ తెలుసు. అలా యాభయ్యేళ్ళు తెలుస్తూనే ఉంది.

నేను దెయ్యం సినిమాలు విడవకుండా చూస్తాను. హాల్లో చూస్తాను, ఇంట్లో లైట్లార్పుకుని చూస్తాను, చూసినవే మళ్ళీ చూస్తాను. వాటి గురించి ఎక్కడ మాట వచ్చినా ఒకటే ఫిర్యాదు: అదే పాత బంగళా, అదే కిర్రుమనే తలుపు, అదే తెల్లచీర, సమయానికి పోయే కరెంటు, వద్దన్న గదిలోకే వెళ్ళే హీరోయిన్. విసుగొచ్చింది, కొత్తగా ఏదైనా తీయండి అంటారు. ఈ ఫిర్యాదు నాకు సరైందిగా అనిపించదు. హరికథకి వెళ్ళేవాళ్ళకి సీతమ్మ దొరుకుతుందని ముందే తెలుసు, అయినా వెళతారు. తెలిసిన దారి కావడం తప్పేం కాదు. నేను అడిగేది ఇంకొకటి. హాల్లో లైట్లు ఆరాక ఈ సినిమా నన్ను ఎవర్ని చూసి భయపడమంటోంది? నేరం చేసినవాణ్ణా, నేరానికి బలైనదాన్నా, లేక పక్కింటివాళ్ళనా?

తెల్లచీర సంగతే తీసుకోండి. నలుపు తెలుపు సినిమాల కాలంలో చీకట్లో కెమెరాకి ఆనేది తెలుపే, కాబట్టి దానికి సాంకేతిక కారణం ఉంది. కానీ తెల్లచీర, బొట్టులేని నుదురు, పూలులేని జుట్టు, అర్ధరాత్రి ఒంటరిగా నడిచే మనిషి, వీటన్నిటినీ ఒకచోట చేర్చి చూడండి. అది మన ఇళ్ళలో వెనకగదిలో బతికిన మనిషి రూపం. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబర్ 11న మొదటి వితంతు వివాహం జరిపించాక కూడా తరాల తరబడి మనవాళ్ళు ప్రయాణానికి బయల్దేరుతూ ఆ మనిషి ఎదురొస్తే వెనక్కి వెళ్ళి కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరారు. మా ఇంట్లోనూ జరిగింది. సినిమా ఆ దుస్తుల్ని దెయ్యానికి తొడిగినప్పుడు కొత్త భయం పుట్టించలేదు, మనలో ఉన్న పాత భయాన్నే వాడుకుంది. కథ లోపల ఆ దెయ్యానికి ఎంత న్యాయం జరిగినా, బట్టలు చేసే అన్యాయం బట్టలు చేస్తూనే ఉంటాయి. ఈ ఒక్క ఆనవాయితీ పోతే నేను బాధపడను.

అయితే పట్టిన దెయ్యాన్ని ప్రశ్నించే దృశ్యం ఉందే, అది పోకూడదు. దాదాపు ప్రతి సినిమాలోనూ వస్తుంది. ముగ్గు వేస్తారు, నిమ్మకాయలు కోస్తారు, అమ్మాయి జుట్టు విరబోసుకుని ఊగుతుంటే ఎదురుగా కూర్చున్నాయన అడుగుతాడు: "ఎవరు నువ్వు? నీ పేరేంటి? నీకేం కావాలి?" ఈ మూడు ప్రశ్నల్నీ కాసేపు సినిమా మర్చిపోయి వినండి. మన ఊళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళని బతికుండగా ఎవరైనా ఈ మూడు ప్రశ్నలూ వరసగా అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చుని విన్నారు? 'ఫలానావాడి పెళ్ళాం' అన్నారు, 'ఫలానావాడి తల్లి' అన్నారు. పేరు అడగడానికి ఒంటిమీదకి దెయ్యం రావాల్సొచ్చింది.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. అదే విరబోసుకున్న జుట్టు, అదే ఊగడం, అదే మారిన గొంతు అమ్మవారి పేరుతో వస్తే జనం కాళ్ళమీద పడతారు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో రంగం నాడు పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఆవిడ మాట వినడానికి ఊరంతా కదిలొస్తుంది. పూనినది అమ్మవారైతే పసుపునీళ్ళు, దెయ్యమైతే వేపమండల దెబ్బలు. ఊగే మనిషి మారదు, ఆమె ఏం మాట్లాడిందన్నదే మారుతుంది. వర్షాలు పడతాయంటే అమ్మవారు. "నన్ను చంపింది నువ్వే" అంటే దెయ్యం. 1995లో కోడి రామకృష్ణ 'అమ్మోరు' తీస్తే జనం హాల్లో హారతులిచ్చారు, పూనకాలతో ఊగారు. పద్నాలుగేళ్ళకి ఆయనే 'అరుంధతి' తీస్తే అందులో దెయ్యమై తిరిగొచ్చే పశుపతిని చూసి వణికారు. నాకు ఆ రెండు సినిమాలూ ఒకే కథకి రెండు వైపుల్లా కనిపిస్తాయి. ఒకదాంట్లో ఎవరూ లేని అమ్మాయికి అమ్మోరు తోడుగా వస్తుంది. రెండోదాంట్లో ఆ తోడు కూడా ఉండదు. పోయిన జన్మలో తన ఎముకలతో తయారైన ఆయుధమే ఈ జన్మలో ఆమెకి దిక్కు.

'అరుంధతి' మాట వచ్చింది కాబట్టి చాలాకాలంగా నాలో ఉన్న ఒక గమనిక చెబుతాను. మన సినిమాల్లో ఆడ దెయ్యానికి, మగ దెయ్యానికి కోరికలు ఒకటి కావు. ఆడ దెయ్యం న్యాయం అడుగుతుంది. మగ దెయ్యం ఆడమనిషిని అడుగుతుంది. పశుపతి గద్వాల సంస్థానంలో చేసిన అత్యాచారాలకి శిక్షగా సమాధిలో పడ్డాడు. ఇన్నేళ్ళు సమాధిలో ఉన్నా అతనికి పశ్చాత్తాపం రాలేదు, 'వదల' అనే మాటే మిగిలింది. 2012లో రవిబాబు తీసిన 'అవును'లోనూ అంతే. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి చుట్టూ కనపడని మగవాడొకడు తిరుగుతుంటాడు. ఆమె గుర్తించే ముందే మనకి తెలుస్తుంది. ఆ సినిమా చూస్తున్నప్పుడు నాకు వచ్చిన భయం దెయ్యానికి సంబంధించింది కాదు. హాస్టల్ బాత్రూం కిటికీ, బస్సులో వెనకసీటు, రోజూ అదే మలుపులో కనిపించే సైకిల్ గుర్తొచ్చాయి. నా పక్కన కూర్చున్న మగవాళ్ళు నవ్విన రెండు చోట్ల నాకు గొంతు ఆరిపోయింది. భయం ఎవరివైపు తిరగాలో ఆ రెండు సినిమాలకీ తెలుసు, అందుకే అవంటే నాకు గౌరవం.

ఆడ దెయ్యాల జాబితా చెప్పక్కర్లేదు. 2013 నుంచి నాలుగైదేళ్ళు హాస్యం కలిపిన దెయ్యం సినిమాలు వరసకట్టి వచ్చాయి. వాటిలో చాలావాటికి దెయ్యం ఒక సాకు మాత్రమే, హడావుడిగా అరిచి పరిగెత్తడమే అసలు పని. అందులోంచి నాకు గుర్తున్నది 2017లో వచ్చిన 'రాజుగారి గది 2'. మలయాళంలోంచి తెచ్చుకున్న కథే. సమంత వేసిన అమృత పాత్ర లా చదివే అమ్మాయి, తన వీడియో ఒకటి బయటికి పాకిపోయి, ఆ అవమానం తట్టుకోలేక చనిపోయింది. ఆత్మగా వచ్చి ఆమె అడిగేది, ఇది చేసిందెవరు అని. మా ఊరి బావి స్థానంలో ఫోను వచ్చింది, అంతే తేడా. గట్టు మీద పగిలిన గాజుల ప్రశ్నే ఇదీ.

దెయ్యం ఏ భాష మాట్లాడుతుందో ఎప్పుడైనా గమనించారా? 1993లో ఫాజిల్ మలయాళంలో తీసిన 'మణిచిత్రతాళు'లో నాగవల్లి తంజావూరు నర్తకి, తమిళం మాట్లాడుతుంది. అదే కథ కన్నడంలో 'ఆప్తమిత్ర' అయ్యేసరికి ఆమె తెలుగు మాట్లాడింది. తమిళంలో 'చంద్రముఖి'గా వచ్చినప్పుడూ తెలుగే, 'రారా' అని పిలిచే ఆ పాట తమిళ ప్రేక్షకులు తెలుగులోనే విని వణికారు. మనకి డబ్బింగు చేసి వదిలినప్పుడు ఏం చేశారు? తెలుగు దెయ్యం తెలుగువాళ్ళకి తెలుగులో పాడితే భయమేముంది? పాటని అరవంలోకి తిప్పి 'వారాయ్' అనిపించారు. హిందీకి వెళ్తే ఆమె బెంగాలీ అయింది. ఎవరికి వాళ్ళకి దెయ్యం పొరుగు రాష్ట్రపుదో, పరాయి భాషదో. ఇంట్లో తలుపేసిన గదిలోనే ఉంది, కానీ మనది కాదు. ఈ ఏర్పాటులో కళ ఉంది, ఒప్పుకుంటాను. మలయాళంలో శోభన అయినా తమిళంలో జ్యోతిక అయినా హఠాత్తుగా ఇంకో భాషలోకి మారే క్షణం ఇప్పటికీ వెన్నులో చలి పుట్టిస్తుంది. అయినా వేలు ఎటు తిరిగిందో చూడండి. నర్తకిని బలవంతంగా తెచ్చి బంధించినవాడు, ఆమె చావుకి కారణమైనవాడు మన భాషవాడే. మనం భయపడింది అతన్ని చూసి కాదు, అర్థంకాని భాషలో ఏడ్చినదాన్ని చూసి.

2022లో వచ్చిన 'మసూద' ఈ విషయంలో నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. దర్శకుడు సాయికిరణ్ మొదటి సినిమా అని చెబితే నమ్మబుద్ధి కాలేదు. మొదటి సగంలో అపార్ట్‌మెంటు గోడల మధ్య పెంచిన ఉత్కంఠ అంత పకడ్బందీగా ఉంది. భయం ఒక ముస్లిం మంత్రగత్తె రూపంలో వస్తుంది. ఇక్కడే దారితప్పే ప్రమాదం ఉంది. కానీ కథలో నలిగిపోయే తల్లీ కూతురూ కూడా ముస్లింలే, గండం గట్టెక్కించడానికి వచ్చే బాబా కూడా. మన ఊళ్ళలో ఏ మతంవాళ్ళయినా దర్గాకి వెళ్ళి తాయెత్తు కట్టించుకోవడం మామూలే కాబట్టి ఆ వాతావరణం నిజంగా ఉంది. సంగీత వేసిన తల్లి పాత్ర లేకపోతే మాత్రం అది వేరే సినిమా అయ్యుండేది, నేను సమర్థించలేని సినిమా.

ఇప్పుడు నియమాల గురించి. మా చిన్నప్పుడు చాలా ఊళ్ళలో తలుపుల మీద సుద్దముక్కతో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేది. మా ఇంటి తలుపు మీద మా బాబాయి రాశాడు. రాత్రి ఒక దెయ్యం వచ్చి తలుపు కొడుతుంది, రాసింది చదువుతుంది, సరే రేపొద్దామని వెళ్ళిపోతుంది, మర్నాడు మళ్ళీ అదే చదువుతుంది. ఆమెకి చదువొచ్చు, మాట మీద నిలబడుతుంది. భేతాళుడూ అంతే. విక్రమార్కుడు మౌనం వీడితే శవంతో సహా చెట్టెక్కుతాడు, వీడకపోతే ఎక్కడు. గడప దాటని దెయ్యం, ఇనుముకి జంకే దెయ్యం, రెండుసార్లే పిలిచే దెయ్యం. మన పెద్దవాళ్ళ కథల్లో దెయ్యానికి ఒక కట్టుబాటు ఉంటుంది. దానివల్ల భయానికి ఒక హద్దు ఉంటుంది. బావి దగ్గరే భయం, ఇంట్లో కాదు. అమావాస్యకే భయం, పున్నమికి కాదు. ఆ ఒక్క కుటుంబంతోనే దానికి పగ, ఊరందరితో కాదు.

అందుకే ఊరికే ఉలిక్కిపడేట్టు చేసే సినిమాలు నాకు నచ్చవు. రీరికార్డింగులో 'ఢాం' అని ఒక దెబ్బ, అద్దంలో ఒక మొహం, తీరా చూస్తే స్నేహితురాలు. దెయ్యం ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవర్నైనా పట్టుకోగలిగితే ఇక కథెందుకు? 1992లో రామ్ గోపాల్ వర్మ తీసిన 'రాత్రి' ముప్పయ్యేళ్ళు దాటినా నిలబడడానికి కారణం అదే అనుకుంటాను. కోట లేదు, బంగళా లేదు. ఒక మధ్యతరగతి ఇల్లు, ఒక పిల్లి, ఇంటికింద ఒక నేలమాళిగ. రేవతి కళ్ళు, మణిశర్మ మొదటి సంగీతం. ఏది ఎక్కడుందో మనకి తెలుసు. నేలమాళిగ మెట్లు దిగేటప్పుడు మన కాళ్ళు కూడా బరువెక్కుతాయి.

హద్దులేని భయం ఎలా ఉంటుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. దాని పేరు చేతబడి.

దెయ్యం కథలో నేరం ముందు జరిగిపోయి ఉంటుంది, నేరస్థుడు ఉంటాడు, చనిపోయిన మనిషి వచ్చి అతన్ని చూపిస్తుంది. చేతబడి కథలో అలా ఉండదు. అక్కడ ఎవరికో జ్వరం వస్తుంది. ఎవరి గేదో పాలివ్వడం మానేస్తుంది. ఒక పసిబిడ్డ పోతుంది. అప్పుడు ఊరు నేరస్థుల కోసం వెతకడం మొదలుపెడుతుంది. కట్టుబాట్లు ఏమీ లేవు కాబట్టి ఏదైనా రుజువే. నాలుగురోడ్ల కూడలిలో నిమ్మకాయ, కుంకుమ, వెంట్రుకలు, ఆఖరికి ఒక మనిషి చూపు. దొరికేది ఎవరు? ఒంటరి ముసలిది, పెళ్ళాం పోయినవాడు, నాటువైద్యం తెలిసినవాడు, తగాదాలో ఉన్న దాయాది. పరపతి ఉన్నవాడి మీద చేతబడి నింద పడ్డట్టు నేనెప్పుడూ వినలేదు. దెయ్యం కథలో వేలు కిందినుంచి పైకి చూపిస్తుంది. చేతబడి కథలో పైనుంచి కిందికి.

1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ చేతబడి నవల 'తులసిదళం' వారం వారం వచ్చినప్పుడు తెలుగు ఇళ్ళలో ఎంత గొడవైందో మా అమ్మ చెప్పేది. పత్రిక కోసం బస్టాండుకి మనిషిని పంపేవాళ్ళట, చదివాక రాత్రి పెరట్లోకి వెళ్ళడానికి తోడు కావాలనేవాళ్ళట. ఆ కథనశక్తి ముందు నేనూ ఓడిపోయాను, ఒక్కరాత్రిలో చదివేశాను. కానీ అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ దారిలో వచ్చిన ప్రతి సినిమాకీ నా ప్రశ్న అదే. 2021లో 'మా ఊరి పొలిమేర' ఓటీటీలో వచ్చి, 2023లో రెండో భాగం హాళ్ళు నింపింది. అదే ఏడాది వచ్చిన 'విరూపాక్ష' ఎత్తుగడ నన్ను కదిలించింది. చేతబడి చేశారని ఒక జంటని ఊరివాళ్ళు చెట్టుకి కట్టి తగలబెడతారు, చనిపోతూ వాళ్ళు పుష్కరకాలానికి ఈ ఊరు వల్లకాడవుతుందని శపిస్తారు. ఆ మంటల ముందు నిలబడ్డ ఊరి మొహాలు చూసి, ఇన్నాళ్ళకి మనవాళ్ళు అసలు భయాన్ని పట్టుకున్నారని నిటారుగా కూర్చున్నాను. దర్శకుడు కార్తీక్ దండు చేతిలో పట్టు ఉంది, అడవి ఉంది, ధ్వని ఉంది. కానీ కథ నడిచేకొద్దీ ఊళ్ళో చావులకి కారణం నిజంగానే క్షుద్రవిద్య అని తేలుతుంది. హాలు బయటికొచ్చేవాళ్ళకి మిగిలేది తగలబెట్టిన చేతుల మీద కోపం కాదు, మంత్రం మీద నమ్మకం.

కథే కదా అంటారు. బావిలో గాజుల చప్పుడు కూడా కథే, దానివల్ల ఎవరూ చావలేదు. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనీ పట్టపగలు చంపేశారు. మంత్రం నోట పలకకుండా పళ్ళు ఊడగొట్టిన వార్తలు మెదక్ వైపు నుంచి ఎన్నిసార్లు చదివామో. సినిమా చూసి చంపారని నేను అనడం లేదు. ఆ నమ్మకం సినిమాకంటే ఎంతో పాతది. కానీ అంత పాత నమ్మకానికి డాల్బీ శబ్దం, కోట్ల బడ్జెట్టు, హీరో నోటితో నిర్ధారణ తోడు చేసేటప్పుడు తీసేవాళ్ళు ఒక్కసారి ఆగాలని అడుగుతున్నాను. చేతబడి నిజమైతే, చేతబడి చేసినవాణ్ణి వెతకడం ధర్మమైపోతుంది. దెయ్యం నిజమైతే కనీసం చంపినవాణ్ణి వెతుకుతాం.

మా ఊరి పొలిమేరలో తాటాకు గుడిసెలో ఒక ముసలమ్మ ఉండేది. వేర్లు, ఆకులు నూరి పిల్లలకి పసరు పోసేది. నాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు నాయనమ్మ నన్ను ఆవిడ దగ్గరికే తీసుకెళ్ళింది. చేదుగా ఉంటే నోట్లో బెల్లంముక్క పెట్టింది. రెండేళ్ళ తర్వాత మా వీధిలో ఒక బాబు పోయాడు. ఆ వారంలోనే ఎవరి ఇంటిముందో నిమ్మకాయ దొరికింది. అంతే. ఎవరూ ఆమెని కొట్టలేదు, కేకలెయ్యలేదు. కొట్టులో సరుకు ఇవ్వడం మానేశారు. బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్ళు తమ బిందెలు తీసేసేవాళ్ళు. బడి నుంచి వచ్చే దారిలో మేం పిల్లలం ఆ గుడిసె మీద రాళ్ళు వేసేవాళ్ళం. నేనూ వేశాను. ఒకసారి ఆమె బయటికొచ్చి నన్నే చూసి, "కామెర్లు తగ్గినియ్యా అమ్మాయ్?" అంది. నేను పరిగెత్తి ఇంటికొచ్చి, ముసలిది నా మొహంలోకి చూసిందని చెప్పాను. ఆ రాత్రి నాకు దిష్టి తీశారు. ఆ మాట ఇంకో నాలుగిళ్ళకి పాకింది.

వానాకాలానికి ముందే ఆమె ఊళ్ళోంచి వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరూ అడగలేదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. కోడలి బావిని పూడ్చేసి చాలా ఏళ్ళయింది, దానిమీద నీళ్ళట్యాంకు కట్టారు. అయినా రాత్రి కరెంటు పోతే మా అన్నయ్య కూతురు, ఏడేళ్ళది, ట్యాంకు దగ్గర గాజులు చప్పుడవుతాయట అత్తా అని నా ఒళ్ళో చేరింది. రెండుసార్లే పిలుస్తుందని కూడా దానికి తెలుసు. మర్నాడు పొద్దున పొలిమేర దాకా నడిచాను. గుడిసె ఉన్నచోట తుమ్మచెట్లు లేచాయి, పక్కన ఎవరో ఇటుకలు పేర్చుకున్నారు. ఇక్కడ ఏముండేదని ఇటుకలు దించుతున్న కుర్రాణ్ణి అడిగాను. ఏమీ లేదండీ, మొదట్నుంచీ ఖాళీ స్థలమే అన్నాడు. ఆ చోటు గురించి మా ఊళ్ళో దెయ్యం కథ ఒక్కటీ లేదు.